నడుముకు రివాల్వరు: ఏది కొనాలి, అసలు కొనాలా?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం భయపడ్డాను. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. రోజూ షోళింగనల్లూరు నుంచి బస్సెక్కి వెళ్ళి, టిక్కెట్ల రాబడి లెక్కకట్టి, సాయంకాలానికి ఇల్లు చేరుకునే మనిషిని. "నీకు తెలిసిందే చెప్పవయ్యా, మీ బావగారి రివాల్వరు సంగతి చెప్పు. ఆ ప్రశ్న ఇక్కడ చాలామంది మనసులో వున్నదే" అని వారు ధైర్యం చెప్పారు. కనుక ఆ సంగతే మనవి చేస్తాను.

మా అక్కయ్య భర్తకు మహాబలిపురం రోడ్డు పక్కన చిన్న నగల దుకాణం వుంది. సరుకు షావుకారుపేట నుంచి తెచ్చుకుంటారు. ఒక రాత్రి స్కూటరు మీద వస్తుంటే ఇద్దరు కుర్రవాళ్ళు వెంబడించి, సంచీ లాక్కోబోయారు. దేవుని దయవల్ల సంచీ దక్కింది కాని, బావగారి మోచెయ్యి విరిగింది. కట్టు విప్పిన మర్నాడే మా ఇంటికి వచ్చి, "ఏమోయ్, నువ్వు అర్జీలు బాగా రాస్తావు గదా, నాకు రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు రాసిపెట్టు. ఏ బోరు మంచిదో అది కూడా కనుక్కో" అన్నారు. బావగారి మాట కాదనలేను. మూడు నెలలు దొరికినదల్లా చదివాను, తెలిసినవారిని అడిగాను.

మొదట తెలిసిన విషయం ఏమిటంటే, మన దేశంలో బోరు ఎంచుకునే శ్రమలో సగం చట్టమే తీర్చేసింది. తెల్లదొరల కాలంలో 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే సామాన్యుడు తుపాకి ముట్టరాదన్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడంటే, మన్యంలో తుపాకి అనేది సర్కారు చేతిలో తప్ప మరొకచోట దొరకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులో వుంది. దాని ప్రకారం తుపాకులు రెండు జాతులు: నిషేధించిన బోరు, నిషేధించని బోరు. సినిమాల్లో వినబడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .38 రివాల్వరు, ఇవి మొదటి జాతివి. సైన్యం, పోలీసులు వాడే కొలతలు కాబట్టి మామూలు పౌరునికి ఇవ్వరు. లైసెన్సు లేకుండా అటువంటిది దగ్గర వుంచుకుంటే, 2019 సవరణ తరువాత, ఏడేళ్ళకు తగ్గకుండా పద్నాలుగేళ్ళదాకా ఖైదు. మామూలు బోరు తుపాకి లైసెన్సు లేకుండా వుంచుకున్నా రెండేళ్ళకు తక్కువ లేదు. నాటు తుపాకి చౌకగా తెచ్చిపెడతానని ఎవడైనా చెవిలో చెబితే, వాడు మీకు తెచ్చిపెట్టేది జైలే అని గ్రహించండి.

ఇక పౌరునికి మిగిలినవి ముఖ్యంగా .32, .22 బోర్లు. ఆత్మరక్షణ కోసం కొనేవారు సాధారణంగా .32 కొంటారు. ఇందులో ఒక మెలిక వుంది. .32 అని పేరు ఒకటే అయినా రివాల్వరు తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. రివాల్వరు తూటా 1896 నాటిది, పొడుగైనది, గుండు బరువు సుమారు ఆరు గ్రాములు. పిస్తోలు తూటా 1899లో బ్రౌనింగ్ అనే అమెరికా నిపుణుడు రూపొందించినది, పొట్టిది, గుండు నాలుగున్నర గ్రాముల పైచిలుకు. ఒకదానిలో మరొకటి వేయరాదు. కొనేటప్పుడు పెట్టె మీది పేరు పూర్తిగా చదివి కొనాలి.

"మరి రివాల్వరా, పిస్తోలా?" అని బావగారు అడిగారు. నాకు బోధపడినంతవరకు చెబుతాను. రివాల్వరులో ఆరు గుళ్ళు తిరిగే చక్రంలో వుంటాయి. చక్రం తెరిస్తే నిండిందో ఖాళీయో కంటికి కనబడుతుంది. ఒక తూటా పేలకపోతే మళ్ళీ మీట నొక్కితే తరువాతిది వస్తుంది. కొత్తవానికి ఇది సులువు. పిస్తోలు పలచగా వుంటుంది, బట్టల కింద దాగుతుంది. కాని అందులో ఒక గండం వుంది. మాగజైను తీసేసినా గొట్టం మొదట్లో ఒక తూటా మిగిలి వుండవచ్చు. మాగజైను చేతిలోకి వచ్చింది గదా, ఖాళీయే అనుకుని మీట నొక్కడం వల్లనే ఎన్నో ప్రమాదాలు జరుగుతాయి.

బరువు సంగతీ చెప్పాలి. మన ప్రభుత్వ కర్మాగారాల మామూలు .32 రివాల్వరు సుమారు ఏడు వందల గ్రాములు. 2014లో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీవారు స్త్రీలను దృష్టిలో పెట్టుకుని "నిర్భీక్" అనే రివాల్వరు తెచ్చారు. అది టైటానియం మిశ్రమ లోహంతో చేసినది, సుమారు అయిదు వందల గ్రాములు. అప్పట్లో దాని వెల లక్షా ఇరవై వేల పైన. 2023లో అదే కాన్పూరు నుంచి "ప్రబల్" అని, చక్రం పక్కకు తెరుచుకునేది వచ్చింది. తేలికైనదే మంచిదని అందరం అనుకుంటాం. మోసేటప్పుడు అది నిజమే. పేల్చేటప్పుడు మాత్రం తేలికది చెయ్యిని ఎక్కువగా వెనక్కి తన్నుతుంది. చెయ్యి అదిరితే గురి తప్పుతుంది. తప్పిన గుండు ఎక్కడికో పోదు, ఎవరికో తగులుతుంది. కనుక కొనేవారు చూడవలసినది బోరు పెద్దదా చిన్నదా అని కాదు. పిడి తన అరచేతిలో ఇముడుతున్నదా, వేలు మీటకు సరిగా అందుతున్నదా, పది గుళ్ళు వరుసగా కాలిస్తే పదీ ఒకచోట పడుతున్నాయా అని. చేతికి లొంగిన చిన్న బోరు, లొంగని పెద్ద బోరుకన్న నయం.

ఇక దాచి తీసుకుపోవడం. ఇందులో ఒక విచిత్రం వుంది. అమెరికాలో తుపాకి దాచి మోయడానికి ఎన్నో రాష్ట్రాల్లో ప్రత్యేకంగా అనుమతి వుండాలి. మన 2016 నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతితుపాకి తీసుకుపోతే తోలుతొడుగులోనో అటువంటి సంచీలోనో పెట్టి, పూర్తిగా కప్పి, తన అదుపులో వుంచుకుని తీసుకుపోవాలి. పైకి కనబడేలా తిరగడమే తప్పు. పెళ్ళిళ్ళలో సరదాకు పేలిస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ళదాకా ఖైదు, లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. తోలుతొడుగు మీటను పూర్తిగా మూసేదై వుండాలి. తాళంచెవులు, చిల్లర వున్న జేబులో వట్టి రివాల్వరు వేసుకోవడం వంటి బుద్ధితక్కువ పని లేదు. రైళ్ళలో జనం మరచిపోయే గొడుగులు, టిఫిను క్యారియర్లు రోజూ చూసేవాణ్ణి నేను. ఆ గొడుగు స్థానంలో నిండు రివాల్వరును ఊహించుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

లైసెన్సుకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. పోలీసు విచారణ జరుగుతుంది. ఆయుధం వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం కావాలి. ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఇవ్వరు. 2019కి ముందు మూడు వుండేవి. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి వుంటుంది. చెన్నైలో తీసుకున్నది జేబులో పెట్టుకుని నెల్లూరు రైలెక్కేముందు అది చదువుకోవాలి. ఇంత చేసినా, కాల్చినవాడు కోర్టుకు జవాబు చెప్పుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవి. వాటి సారాంశం ఏమంటే, రక్షించుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. సంచీ వదిలి పారిపోతున్న దొంగను వెనుకనుంచి కాల్చడం ఆత్మరక్షణ అనిపించుకోదు.

అమెరికాలో బిడ్డలున్న తలిదండ్రులకు ఒక్క మాట. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేథ్‌లో మన తెలుగు యువకుడు తుపాకికి బలైన దగ్గరనుంచి "మావాడు కూడా ఒకటి కొనుక్కుంటే?" అని అడిగేవారున్నారు. టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే చేతితుపాకి మోయవచ్చని చట్టం వచ్చిన మాట నిజమే. కాని అది చట్టప్రకారం తుపాకి వుంచుకోదగినవారికే. చదువు వీసా మీదా, హెచ్-1బి ఉద్యోగ వీసా మీదా వున్నవారు తుపాకి వుంచుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, నిషేధిస్తుంది. స్నేహితుడు వుంచుకున్నాడని మనవాడూ వుంచుకుంటే చదువు, ఉద్యోగం, వీసా అన్నీ ఒక్కసారిగా పోవచ్చు. ఇంటికి ఫోను చేసినప్పుడు యీ మాట తప్పక చెప్పండి.

ఇప్పుడు మా బావగారి దగ్గరికి వస్తాను. దరఖాస్తు అంతా నింపాను. ఆయుధం భద్రంగా ఎక్కడ దాస్తారన్న చోటికి వచ్చేసరికి కలం ఆగింది. బావగారు "బీరువాలో పెట్టి తాళం వేస్తాను, రాసెయ్" అన్నారు. వంటింట్లోనుంచి అక్కయ్య వచ్చి, "తమ్ముడూ, రేపటిదాకా రాయకు" అన్నది.

మర్నాడు అక్కయ్య డబ్బాలో పన్నెండు సున్నుండలు పెట్టి, ఆ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి దేవుని పటం వెనుక పెట్టింది. మా మేనల్లుడికి ఏడేళ్ళు. వాడికి ఏమీ చెప్పలేదు. సాయంకాలం బావగారు దుకాణం నుంచి వచ్చేసరికి బీరువాకు తాళం వేసినట్టే వుంది, తాళంచెవి పటం వెనకాలే వుంది, డబ్బాలో సున్నుండలు ఎనిమిది వున్నాయి.

అక్కయ్య ఏమీ అనలేదు. డబ్బా తెచ్చి బావగారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు ఆ ఎనిమిది సున్నుండల వంకే చూస్తూ కూర్చున్నారు. తరువాత, "దరఖాస్తు నీ దగ్గరే వుంచు" అన్నారు.

అప్పుడు నాకు మా స్టేషన్ల పాత పద్ధతి గుర్తుకు వచ్చింది. పూర్వం స్టేషను రాబడిని తోలుసంచీలో పోసి, సీలు వేసి, గార్డు పెట్టెలో వుండే ఇనప్పెట్టెలో వేసేవారు. సంచీ లోపలికి వేయడానికే వీలు, తీయడానికి గార్డుకు కూడా వీలు లేదు. తాళం క్యాషు ఆఫీసులో వుండేది. ప్రతిచోటా సంతకం, ప్రతిచోటా రసీదు. ఆ డబ్బును కాపాడింది గుమాస్తా నడుముకున్న పిస్తోలు కాదు, పద్ధతి. ఆ మాటే బావగారితో అన్నాను. ఇప్పుడు వారు సరుకు పగటిపూట తెస్తున్నారు. ఒక్కరే వెళ్ళరు, వెళ్ళే రోజు ఎవరికీ చెప్పరు. రాత్రి సరుకు బ్యాంకు లాకరులో వుంటుంది. దారిలో పోయే నగలకు కూడా వర్తించేలా బీమా చేయించారు. ఖర్చు రివాల్వరు వెలలో చిన్న వంతు.

ఎవరూ తుపాకి కొనరాదని నేను అనడం లేదు. నిజంగా ప్రాణభయం వున్నవారు వుంటారు. ఊరికి దూరంగా తోటల్లో కాపురం వుండేవారు వుంటారు. వారు లైసెన్సు తీసుకుని, శిక్షణ పొంది, చేతికి లొంగే .32 రివాల్వరు కొనుక్కుని, ఇనప్పెట్టెలో తూటాలు వేరుగా, ఆయుధం వేరుగా పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకోమని నా మనవి. కాని బోరు సంగతి ఆలోచించేముందు ఒక డబ్బా సున్నుండలు బీరువాలో పెట్టి చూడండి. సాయంకాలానికి పన్నెండూ వుంటే అప్పుడు దుకాణానికి వెళ్ళండి.

బావగారి దరఖాస్తు ఇంకా నా బల్ల సొరుగులోనే వుంది. ఆయన అడగలేదు, నేను గుర్తుచేయలేదు.