దీర్ఘరోగి మనోవేదన – మన బాధ్యత

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

జ్వరం వచ్చిన మనిషిని పరామర్శించడానికి మొదటి రోజు ఇల్లు నిండా జనం వస్తారు. అదే మధుమేహమో, పక్షవాతమో, మూత్రపిండాల వ్యాధో అయితే రెండో నెలకే ఆ గుమ్మం ఖాళీ అవుతుంది. రోగం మాత్రం ఉండిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన గడిపే మనిషికి నొప్పికంటే బరువైనవి ఉంటాయి. ఇంటికి భారమయ్యానన్న సిగ్గు, సంపాదన ఆగిందన్న దిగులు, రేపటి భయం. మన ఇళ్ళలోని తల్లులైతే దాన్ని పైకి చెప్పనే చెప్పరు.

మధుమేహం ఉన్నవారిలో మానసిక కుంగుబాటు ఇతరులకంటే రెండు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. కుంగిన మనిషికి మందు వేసుకోవాలనిపించదు, నిద్ర పట్టదు. ఆందోళన వేళ శరీరంలో విడుదలయ్యే హార్మోన్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి. చక్కెర పెరిగిన కొద్దీ దిగులూ పెరుగుతుంది.

అలాంటి వ్యక్తితో మనం ఏమంటున్నాం? "నీ ఈమాన్ బలహీనపడింది" అంటున్నాం! కుమారుని ఎడబాటులో హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు దుఃఖంతో తెల్లబడ్డాయని యూసుఫ్ సూరా తెలుపుతోంది. ఆయన దైవప్రవక్త. ఆయన విశ్వాసాన్ని శంకించే సాహసం ఎవరికుంది? హజ్రత్ అయ్యూబ్ (అలై) తనకు కలిగిన బాధను ప్రభువుకు మొరపెట్టుకున్నారు. అల్లాహ్ ఆయనను సహనశీలిగానే ప్రశంసించాడు. బాధను చెప్పుకోవడం సహనానికి విరుద్ధమని మనకు ఎవరు నేర్పారో తెలియదు.

హజ్రత్ ఖబ్బాబ్ (రజి) వ్యాధి తీవ్రతకు శరీరంపై ఏడు వాతలు పెట్టించుకున్నారు. మరణాన్ని కోరుకోవద్దని ప్రవక్త (స) వారించి ఉండకపోతే తాను కోరుకునేవాడినని, చూడవచ్చిన వారితో అన్నారు. సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం ఉంది. మీ ఇంటి రోగి నోట అటువంటి మాట వస్తే కసరకండి. కూర్చుని వినండి, ఒంటరిగా వదలకండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. ఆ ఆదేశం మనసుకు వర్తించదని ఎవరూ అనలేరు.

మరొక మాట. మస్జిదులో కుర్చీపై నమాజు చేసేవారిని కొందరు వింతగా చూస్తున్నారు. ఆ చూపు భరించలేక జుమాకు రావడం మానేసినవారున్నారు. మూలవ్యాధితో బాధపడిన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ప్రవక్త (స) నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని ఉపదేశించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యం వ్యాధిగ్రస్తునికి రాయబడుతూనే ఉంటుందనీ శుభవార్త ఇచ్చారు. ఈ శుభవార్తను రోగి చెవిన వేయవలసినవారం మనమే.

ఈ రోజు నమాజు తరువాత, నెలల తరబడి మన సఫ్‌లో కనిపించని ఒక్కరి ఇంటికైనా వెళ్ళండి. సలహాలు ఇవ్వకండి. కాసేపు కూర్చోండి.

ఓ అల్లాహ్! మా బస్తీలోని రోగులకు స్వస్థతనూ, వారి హృదయాలకు ఊరటనూ, వారికి సేవచేస్తూ అలసిన చేతులకు శక్తినీ ప్రసాదించు. ఆమీన్.