నీళ్లు ఎటు పోతాయి?



మా బడి మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది కొబ్బరి చిప్ప. జోరువాన వెలిసిన రోజు ఆయన బడి వెనక బోదెలో చిప్ప వదిలించి, దాని వెంట మమ్మల్ని గట్టమ్మట నడిపించేవారు. బోదెలోంచి మురుగు కాలవలోకి, అక్కణ్ణించి తుల్యభాగ పాయ దారిన. "నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయో ఎవడైనా చెబుతాడు. ఎటు పోతాయో చెప్పండ్రా" అనేవారు. నీటిపారుదల కొలువులో తల నెరిశాక కూడా నాకు అంతకన్నా మంచి ప్రశ్న దొరకలేదు.

వరద అనగానే మన ద్రాక్షారామంలో అందరి చూపూ కోటిపల్లి వైపు, గోదావరి పాయ గౌతమి వైపు పోతుంది. న్యాయమే. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 1986 ఆగస్టులో వచ్చింది దాదాపు 35 లక్షలు. 2006లో 28 లక్షలు దాటింది. 2022 జూలైలో 26 లక్షలకు చేరువైంది. అందుకే ఏటిగట్లు ఎత్తు చేసుకున్నాం. అయితే గట్టుకి రెండు ముఖాలు. అది ఏటిని బయట ఆపుతుంది, ఊళ్లో కురిసిన వానని లోపలా ఆపుతుంది.

డెల్టా నేల తీరే అంత. ఏరు ఏటేటా ఒండ్రు పోసి తన ఒడ్డుని తానే మెరక చేసుకుంటుంది. ఒడ్డు నుంచి ఊళ్ల వైపు పోయేకొద్దీ పల్లం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవలు మెరకల మీదుగా నడిచాయి. పొలం తాగి వదిలిన నీరు పల్లాల వెంట డ్రెయిన్లలోకి దిగాలి. కాలవ సొంత బిడ్డయితే మురుగు కాలవ సవతి బిడ్డ. దాని మాట 1960ల్లో డెల్టా మురుగు సమస్యపై మిత్రా కమిటీ వచ్చేదాకా గట్టిగా ఎవరూ ఎత్తలేదు. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టమే వచ్చింది. అయినా 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగు పోకపోవడమూ ఒకటి. పూడిక, గుర్రపుడెక్క ఒక పక్క, సముద్రపు పోటు ఇంకో పక్క. పోటు మీద ఉన్నప్పుడు మొగ దగ్గర డ్రెయిన్ నీరు ముందుకి కదలదు. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో మనల్ని ముంచేది గోదారి కాదు, పోవడానికి దారి లేక నిలిచిపోయిన వాన.

ఇక ఊరు పెరగడం సంగతి. ఎకరం వరిచేలో గట్ల మధ్య ఆరంగుళాల నీరు నిలిస్తే లెక్కకి ఆరు లక్షల లీటర్లు. పదెకరాలు గ్రావెల్ తోలి లేఅవుట్ వేశామంటే, అరవై లక్షల లీటర్లు నిలిచే చోటు పోయినట్టే. ఆ నీళ్లు ఆవిరైపోవు, పక్క చేలోకి, పక్క పేటలోకి పోతాయి.

ఈ తప్పు నేనూ చేశాను. పాతికేళ్ల కిందట ఇల్లు కట్టుకుంటూ, ఇంజినీరుని కదా అని దొడ్డంతా మూడడుగులు మెరక చేయించాను. ఆ కార్తీకంలో వాన పట్టింది. మా వరండా పొడిగా ఉంది. తెల్లారి చూస్తే పక్కింటి మామ్మగారి వంటింట్లో మోకాటి లోతు నీళ్లు, బియ్యం డబ్బా తేలుతోంది. ఆవిడ కోప్పడలేదు. "నీళ్లని ఆపావనుకున్నావు నాయనా, మా ఇంటికి పంపించావు" అంది. ఇన్నేళ్లలో నేను విన్న వరద పాఠాల్లో ఇంత సూటిగా చెప్పింది మరొకటి లేదు.

ముంపు ప్రమాదం అంచనా వేయడమంటే మూడు ప్రశ్నలు వేసుకోవడం. నీరు ఎంత ఎత్తున, ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ చోట ఏమున్నాయి? అక్కడివాళ్లు ఎంతవరకు తట్టుకోగలరు? "వందేళ్ల వరద" అనే మాట ఇక్కడే మోసం చేస్తుంది. వందేళ్లకోసారి వస్తుందని కాదు, ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని దానర్థం. ముప్పై ఏళ్ల గృహరుణం తీరేలోపు ఆ ఇల్లు ఒక్కసారైనా దాన్ని చూసే అవకాశం నూటికి 26. పాతికేళ్ల వరదైతే నూటికి 70 పైమాటే. అలాంటి చోట ఆసుపత్రి గానీ సబ్‌స్టేషన్ గానీ కట్టవచ్చా?

నిబంధనలు లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల 168 జీవో పది మీటర్ల వెడల్పు మించిన కాలవకి తొమ్మిది మీటర్ల దూరం, అంతకన్నా చిన్నదానికి రెండు మీటర్లు వదలమంది. దూరం కొలిచింది, మంచిదే. కానీ నీరు టేపు పట్టి చూడదు, మట్టం చూస్తుంది. పైగా ముంపు అనుకున్న వైపు నుంచే రాదు: 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు.

కాబట్టి నా మనవి ఒక్కటే. ప్లాటు వారీగా కాదు, డ్రెయిన్ వారీగా అనుమతులివ్వాలి. ఏ లేఅవుటైనా తాను మింగిన నీటిచోటుకి సమానంగా చెరువో గుంటో తన హద్దులోనే చూపాలి. పాత ముంపు మట్టాలు కరెంటు స్తంభాల మీద రంగుతో గీయాలి. స్థలం కొనేవాడు కాగితం చదవకపోయినా స్తంభం చూస్తాడు.

సప్తర్షులు ఏడు పాయల గోదావరిని ఇక్కడికి తెచ్చారని మన స్థలపురాణం. తుల్యభాగ ఆ ఏడింటిలో ఒకటి. నేడు దాన్ని మురుగు డ్రెయిన్ అంటున్నాం. రేపు వాన వెలిశాక మీ పిల్లల చేత మీ వీధి కాలవలో ఓ కొబ్బరి చిప్ప వదిలించండి. వెంట నడవండి. అది తుల్యభాగ దాకా పోతే సంతోషం. ఏ ప్రహరీ గోడ దగ్గరో ఆగిపోతే, ఊరి ప్లాను గీయడం అక్కడ మొదలుపెట్టండి.