అంకెల్లో యానాం ఎక్కడుంది?



పాత తూర్పు గోదావరి లెక్కలు తిరగేసినా, ఇప్పటి కాకినాడ, కోనసీమ జిల్లాల లెక్కలు తీసినా మన ఊరు ఉండదు. పుదుచ్చేరి లెక్కల్లో ఉంటుంది గానీ, ఉన్నా లేనట్టే. 2011 జనాభా లెక్కల్లో ఆ కేంద్రపాలిత ప్రాంతం మొత్తానికి 12,47,953 మంది. అందులో యానాం వాళ్లం 55,626 మంది. నూటికి ఐదుగురం కూడా కాం. ఆసుపత్రి పడకలైనా, మంచినీటి కుళాయిలైనా సగటు కడితే అది ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి జనం సగటే. అందుకని వెబ్‌సైట్లో గణాంకాలు పెట్టారనగానే సంబరపడకండి. యానాం అంకె విడిగా ఉందా, పేటల వారీగా ఉందా అన్నది ముందు చూడండి.

వరద సంగతే తీసుకుందాం. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, మన పేటలు మునిగాయి. భద్రాచలం నీటిమట్టం చెప్పేది కేంద్ర జలసంఘం, బ్యారేజీ అంకె ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ, ఇక్కడ పడవలు నడిపి అన్నం పొట్లాలు పంచేది పుదుచ్చేరి అధికారులు. మూడు ప్రభుత్వాలూ ఎవరి లెక్క వాళ్లు రాసుకుంటాయి. మనకు కావలసింది మాత్రం ఒక్కటే: అక్కడ ఎన్ని లక్షలు వదిలితే, ఎన్ని గంటలకు, ఏ వీధిలోకి ఎంత నీళ్లొస్తాయి? సముద్రం పోటు మీదుంటే ఆ లెక్క మారుతుంది కూడా. బ్యారేజీ అంకెలు బయటే దొరుకుతాయి. వీధి అంకెలు మీ గోడల మీద మిగిలిన బురద చారల్లో ఉన్నాయి. మన కాలేజీ పిల్లలు టేపు పట్టుకుని తిరిగి కొలిచి, ఆ రెండింటినీ ఒక పట్టికలో పక్కపక్కన రాస్తే, ఏ కార్యాలయంలోనూ లేని సమాచారం మన చేతిలో ఉంటుంది.

ప్రభుత్వ శాఖల లెక్కలు ఒకచోట పెట్టడానికి దేశానికంతటికీ ఉమ్మడి డేటా పోర్టల్ 2012లోనే వచ్చింది. చూసేవాళ్లు మటుకు తక్కువ. స్కాన్ చేసిన కాగితం పెట్టి చేతులు దులుపుకునే శాఖలూ ఉన్నాయి. అందులోంచి ఒక్క కూడిక చెయ్యాలన్నా మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. దీన్ని నేను దాపరికంలో సగమే అంటాను.

అయితే కంప్యూటరు లేనివాళ్లకు ఈ లెక్కల గొడవ పట్టని విషయం అనుకోవద్దు. 2006లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు ఆంధ్ర గ్రామాల్లో మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, సభలో పైకి చదివి వినిపించారు. రాని కూలి తన పేరున పడిందని చదువు రాని కూలీ కూడా లేచి చెప్పగలిగాడు.

అలా లేచి అడగడానికి మన ఊళ్లో ఎవరున్నారు? మన పురపాలక సంఘానికి 2006లో ఎన్నికలు జరిగాయి, 2011లో గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు. వార్డులో కౌన్సిలర్ లేనప్పుడు కాలువకు ఎంత ఖర్చయిందో ఎవరిని అడుగుతారు? సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్టు, ఖర్చులు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. మీ వార్డు పనుల జాబితా, ఒక్కో పనికి అయిన ఖర్చు, ఎక్సెల్ ఫైలుగా ఇమ్మని స్పష్టంగా రాయండి. రాయడం రానివాళ్లు సభ అయ్యాక వేదిక దగ్గర ఆగండి, కూర్చుని రాద్దాం.