దూరదర్శన భారతమున ద్రౌపది



చోప్రాగారి మహాభారతము దూరదర్శనమున 1988వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ప్రారంభమై 1990 వరకు నడచినది. ఆదివారము ఉదయమున మా గ్రామమున ఒక్క పెట్టె యెదుట ఊరెల్ల కూర్చుండెడిది. హిందీ యెఱిగినవారు మాలో మిక్కిలి తక్కువ. అయినను పురాణశ్రవణమున భారతము విన్నవారికి భాష అడ్డు కాలేదు. అందలి పాత్రలలో నా మనసున నిలిచినది వంగదేశపు నటి రూపా గంగూలీ ధరించిన ద్రౌపది.

ఆమె యేడ్చుట చూచి గాదు, ప్రశ్నించుట చూచి మెచ్చితిని. ధర్మరాజు మొదట తన స్వాతంత్ర్యమును పోగొట్టుకొని, పిమ్మట భార్యను పణముగా నుంచినచో ఆ పణము చెల్లునా యనునది ఆమె ప్రశ్న. ఇది దుఃఖోక్తి మాత్రము గాదు, న్యాయవాదము. దాసునకు సొత్తు లేదు. సొత్తు లేనివాడు దేనిని ఒడ్డగలడు? భీష్ముడు దీనిని గ్రహింపకపోలేదు. కాని భార్య భర్తకు వశురాలను మఱియొక నియమము ఆయనకు అడ్డు తగిలెను. ధర్మము సూక్ష్మమని చెప్పి యూరకుండెను. మీలో రచ్చబండకడ తగవులు తీర్చినవారు పెక్కురుందురు. బలవంతుడు ఎదుట నిలిచినపుడు ధర్మమెంత సూక్ష్మమగునో మీకు నేను చెప్పవలయునా? ఆమె పక్షమున విదురుడు పలికెను. కౌరవులలో చిన్నవాడగు వికర్ణుడు పలికెను. తక్కిన సభ మిన్నకున్నది.

2020లో మహమ్మారివలన జనులు ఇండ్లలో నిలిచిన దినములలో ఈ ధారావాహిక మరల ప్రసారమైనది. మా మనుమరాలు చూచి, "తాతగారూ, ఆమె ప్రశ్నకు జవాబెవరు చెప్పిరి?" అని యడిగినది. సభాపర్వము తెఱచి చూపితిని.

ఒక్క విషయమున నాకు చోప్రాగారితో సమ్మతి లేదు. మయసభలో దుర్యోధనుడు నీట బడగా, గ్రుడ్డివాని కొడుకు గ్రుడ్డివాడే యని ద్రౌపది పరిహసించినట్లు చూపిరి. వ్యాసుని మూలమున ఆమె నోట ఈ మాట లేదు. దీనిని చేర్చుటవలన, అనర్థమునకెల్ల ఆమె నోటిదురుసే మూలమను భ్రాంతి చూపరులకు గలుగును. మా యూరనే కొందఱట్లనగా వింటిని. శకుని పాచికలను, ధర్మరాజు వ్యసనమును విడిచి, నింద యాడుదానిపై మోపుట మనకెంత సులువు!

సభలో తీర్పు వెలువడలేదు. దుశ్శకునములకు వెఱచిన ధృతరాష్ట్రుని నోట వరములు వెలువడినవి. ఆమె మొదట ధర్మరాజు దాస్యవిముక్తిని గోరినది. తన కుమారుడు ప్రతివింధ్యుని లోకము దాసపుత్రుడనరాదని కారణము చెప్పినది. రెండవ వరమున తక్కిన నలుగురను రథములతో, ఆయుధములతో విడిపించినది. మూడవది కోరుకొమ్మనగా, క్షత్రియస్త్రీకి రెండే తగునని వలదన్నది.