మేలుకొనని యంత్రము



ఓరుగల్లు నగరములోని కాశిబుగ్గలో ఒక నేతపనివారి యిల్లు నే నెఱుగుదును. ఆ యింటి యజమాని జంపఖానాల నేతలో చేయి తిరిగినవాడు. ఓరుగల్లు జంపఖానాలకు 2018వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీలో అనేకులకు విదితమే. ఆయన తన నమూనాలను, తన తండ్రినాటి నమూనాలను గళ్ల కాగితములపై గీసి దాచుకొనెడివాడు. 2023 జులై నెల వరదలలో ఇంటిలోనికి నీరు వచ్చి ఆ కాగితములు నాని చెడిపోయినవి. అంతకు ముందే ఆయన కుమార్తె వాని నన్నిటిని కంప్యూటరులోని కెక్కించియుండెను. ఆ కంప్యూటరు ఎత్తయిన బల్లమీద నుండుటచే దక్కెను. మఱుసటి యేడు ఆయన కాలధర్మము నొందెను. నాటినుండి ఆ నమూనాలకు ఆ పెట్టె యొక్కటే ఆధారము.

ఒక వేసవి చివర, గాలివాన కొట్టిన సాయంకాలమున, కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఆ కంప్యూటరు మేలుకొనలేదు. మీట నొక్కినచో పంకా తిరుగును. తెరపై తయారీదారుని పేరు కానవచ్చును. తెల్లని చుక్కలు గుండ్రముగా తిరుగును. అంతలో తెర నల్లనై కథ మఱల మొదటికి వచ్చును. తెలిసినవారొకరు చూచి, అంతయు తుడిచివైచి విండోసును క్రొత్తగా నెక్కించినచో గంటలో బాగగునని చెప్పిరట. ఆ మాట అబద్ధము కాదు. యంత్రము బాగగును, అందలి సొత్తు పోవును. ఆ యిల్లాలు నాతో నన్న మాట యిది: “అన్నా, పెట్టె పోతె పోనీ. అండ్ల ఆయన గీసిన పూలున్నయి. అవి పోవద్దు.”

నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే మూలము. యంత్రము వేఱు, యంత్రములోని సొత్తు వేఱు. ఈ భేదమును మఱచినవాడు ఎంతటి నిపుణుడైనను గృహస్థునకు మేలు చేయజాలడు.

కంప్యూటరు మేలుకొనుట యన నేమో ముందుగా తెలిసికొందము. పనిచేయుటకు దానికి ఆజ్ఞలు కావలయును. ఆ యాజ్ఞలు డిస్కులో నున్నవి. డిస్కునుండి వానిని చదువుటకు సైతము ఒక యాజ్ఞ యుండవలెను గదా! మఱి ఆ తొలి యాజ్ఞ ఎచ్చటనుండి వచ్చును? ఈ చిక్కు కంప్యూటరుతోపాటు పుట్టినదే. 1949లో ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము పని నారంభించినప్పుడు, డేవిడ్ వీలర్ అను యువకుడు 31 తొలి యాజ్ఞలను కూర్చెను. వానిని టెలిఫోను స్విచ్చులలో స్థిరముగా అమర్చిరి. మీట నొక్కగానే అవి యంత్రము జ్ఞాపకములోనికి దిగి, తక్కిన యాజ్ఞలను చదివించెడివి. నేటి మన యింటి కంప్యూటరులోను మదర్‌బోర్డుపై ఒక చిన్న చిప్పులో అట్టి తొలి యాజ్ఞలే కలవు. పాతవానిలో దానిని బయాస్ అనిరి, క్రొత్తవానిలో యు.ఈ.ఎఫ్.ఐ. అందురు.

కావున మేలుకొనుటలో నాలుగు మెట్లు కలవు. మొదటిది విద్యుత్తు చేరుట. రెండవది తొలి యాజ్ఞలు లేచి అవయవములను పరీక్షించుట. మూడవది డిస్కును వెదకి విండోసును పిలుచుట. నాలుగవది విండోసు తన పరివారమును కూర్చుకొని కొలువు తీర్చుట. “నా కంప్యూటరు పనిచేయదు” అను మాట వలన వైద్యునికి ఏమియు తెలియదు. “ఏ మెట్టుపై ఆగినది?” అను ప్రశ్నకు జవాబు దొరకినచో సగము వైద్యము జరిగినట్లే.

మొదటి మెట్టు చూతము. మీట నొక్కినను పంకా కదలక, దీపము వెలుగకున్నచో విద్యుత్తు చేరలేదన్నమాట. గోడ స్విచ్చు, ప్లగ్గు, తీగ, స్టెబిలైజరు, యు.పి.ఎస్. వరుసగా చూడుడు. అదే ప్లగ్గునకు బల్లదీపమును తగిలించి పరీక్షింపుడు. పెట్టె వెనుక పవర్ సప్లయికి వేఱుగా చిన్న స్విచ్చొకటి యుండును. ఊడ్చునప్పుడు చేయి తగిలి అది ఆగియుండవచ్చును. మన యిండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తును ఆ పవర్ సప్లయి 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగముల కందించును. పిడుగుల కాలమున మొదట దెబ్బ తినునది తఱచుగా అదియే. దానిని మాత్రము ఇంటివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడ అందలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. అది చెడినచో మార్పించుటయే మార్గము. ఒడి కంప్యూటరు, అనగా ల్యాప్‌టాపు అయినచో, ఛార్జరును ఊడదీసి మీటను అర నిమిషము నొక్కి పట్టి, మఱల ఛార్జరు తగిలించి చూడుడు. ఒక్కొక్కమారు ఇంతమాత్రముననే లేచును.

రెండవ మెట్టున, పంకా తిరుగును గాని తెరపై నేమియు రాదు. ఇచ్చట మొట్టమొదట తెరకే విద్యుత్తు కలదా, తెర తీగ సరిగా బిగిసినదా చూడవలెను. ఎన్నియో మార్లు కంప్యూటరు మేలుకొనియే యుండును, తెర నిదురించుచుండును. తెర బాగుగనే యున్నచో కూతలను వినుడు. లోపమున్నప్పుడు యంత్రము కొన్ని కూతలు కూయును. కొన్ని బోర్డులు దీపములతో సైగ చేయును. వాని యర్థము ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్కటి. బోర్డుతో వచ్చిన పుస్తకములో చూడవలసినదే. ఈ మెట్టున తఱచుగా దోషి యగునది ర్యామ్ అను జ్ఞాపకపు పట్టీ. ప్లగ్గు తీసి, ఇనుప వస్తువును ముట్టి మేనిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, పట్టీని మెల్లగా ఊడదీసి, బంగారు వన్నె అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, టక్కుమని బిగియువఱకు మఱల నొక్కవలెను. రెండు పట్టీలున్నచో ఒక్కొక్కదానినే పెట్టి చూచినచో చెడినది ఏదో తెలియును.

ఇచ్చట మన ప్రాంతమునకు సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. కాశిబుగ్గకు చేరువనే ఎనుమాముల విపణి కలదు. ప్రత్తి, మిరప బస్తాలు వచ్చు దినములలో నూగును, దుమ్మును గాలిలో నెట్లుండునో మీ రెఱుగుదురు. నేత యిండ్లలో దారపు నూగు దీనికి తోడు. ఇదియంతయు ప్రాసెసరుమీది పంకా రెక్కల క్రింద దుప్పటివలె పేరుకొనును. అప్పుడు కంప్యూటరు మేలుకొని, నాలుగైదు నిమిషములకే వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై ఆగిపోవును. దీనిని చూచి వైరస్ అని భ్రమపడువారు కలరు. దీనికి మందు మెత్తని కుంచె. ఊదునప్పుడు పంకాను వ్రేలితో కదలకుండ పట్టుకొనవలెను. మూడునాలుగు నెలల కొకమారు ఈ పని చేసినచో చాలును.

మూడవ మెట్టున తెరపై తయారీదారుని పేరు వచ్చి, బూట్ చేయదగిన సాధనము లేదని ఆంగ్లమున ఒక వాక్యము కానవచ్చును. భయపడకుడు. ముందుగా పెన్‌డ్రైవు ఏదైన తగిలియున్నదేమో చూచి తీసివేయుడు; యంత్రము విండోసును దానియందు వెదకుచుండవచ్చును. పాత యంత్రమై గడియారము ఎప్పటిదో తేదీని చూపుచున్నచో, బోర్డుమీది చిన్న బిళ్లవంటి బ్యాటరీ అయిపోయినదని గుర్తు. సాధారణముగా అది సి.ఆర్. 2032 అను 3 వోల్టుల బిళ్ల; గడియారముల దుకాణమున దొరకును. అది యుడిగినచో యంత్రము తన అమరికలను మఱచి డిస్కును గుర్తింపలేకపోవచ్చును. ఇవియేవియు కాక, డిస్కునుండి టక్కుటక్కుమని శబ్దము వచ్చుచున్నచో వెంటనే కంప్యూటరును ఆపివేయుడు. అది డిస్కు మరణావస్థ. దానిని మఱల మఱల తిప్పి చూచుట గాయమును కెలకుట వంటిది. అందు విలువైన సొత్తున్నచో, డిస్కులనుండి సమాచారమును వెలికితీయు నిపుణులకే అప్పగింపవలెను. క్రొత్త రకపు ఎస్.ఎస్.డి. డిస్కులు శబ్దము చేయవు, చెప్పకయే పోగలవు.

నాలుగవ మెట్టు మిగిలినది. కాశిబుగ్గ కంప్యూటరు ఆగినది ఇచ్చటనే. ఇచ్చట అవయవములు సాధారణముగా ఆరోగ్యముగనే యుండును. విండోసు పరివారములో ఎవరో ఒకరు త్రోవ కడ్డుపడుచుందురు. ఆ అడ్డుపడువాడు తఱచుగా నిన్న మొన్న వచ్చినవాడే. కావున అడుగవలసిన ప్రశ్న, “చివరిమారు సరిగా పనిచేసిన పిమ్మట ఏమి మాఱినది?” అని.

దీనికి ప్రపంచ మంతయు చూచిన ఉదాహరణ మొకటి కలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన తప్పు ఫైలు ఒకటి లోనికి చేరి, ప్రపంచమున సుమారు 85 లక్షల విండోసు కంప్యూటరులు నీలితెరతో నిలిచిపోయినట్లు మైక్రోసాఫ్టు అంచనా వేసెను. మన హైదరాబాదు విమానాశ్రయమున ఆనాడు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసుల నిచ్చిరి. ఆ 85 లక్షలలో అవయవ మేదియు చెడలేదు. సేఫ్ మోడ్ అను సురక్షిత స్థితిలో ప్రవేశించి ఆ యొక్క ఫైలును తొలగింపగా యంత్రములు లేచినవి.

సేఫ్ మోడ్ అనగా పరివారమును తగ్గించి, అత్యవసరమైనవారితో మాత్రమే విండోసు మేలుకొనుట. పూర్వపు విండోసులలో ఎఫ్ 8 మీటతో అచ్చటికి పోవుచుండిరి. విండోస్ 10, 11లలో మార్గము వేఱు. చుక్కలు తిరుగునప్పుడు పవర్ మీటను పది సెకనులు నొక్కి ఆపవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో, యంత్రము తనంతట తానే మరమ్మతు తెరను చూపును. అందు ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అను మాటలను ఎన్నుకొనవలెను. అచ్చట స్టార్టప్ రిపేర్ కలదు. ఇటీవలి అప్‌డేటును తొలగించు మార్గము కలదు. స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా పోయి 4 అంకె నొక్కినచో సేఫ్ మోడ్ వచ్చును. డిస్కునకు బిట్‌లాకర్ అను తాళమున్నచో 48 అంకెల తాళపుచెవి నడుగును. అది లేనిదే ఎవరికిని లోని సమాచారము దక్కదు. కావున కంప్యూటరు బాగుగ నున్న దినముననే దానిని కాగితముపై వ్రాసి పెట్టెలో దాచుకొనుడు. ఆ తెరలోనే రీసెట్ అను మాట యొకటి కలదు. అది చివరి యాయుధము. అందు సమస్తమును తొలగించు మార్గము నెన్నుకొన్నచో మీ సొత్తంతయు పోవును.

ఇక ఆ యింటి కథ. కరెంటు పోయిన సమయమున తెరపై “ఆపవద్దు” అను సూచనతో అప్‌డేటు జరుగుచుండెనని ఆ అమ్మాయి జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పెను. కారణము తెలిసినను, మే మేమియు సరిచేయ బూనలేదు. మొదట సొత్తును దక్కించుకొనవలెను గదా! మఱొక కంప్యూటరుపై లినక్సును ఒక పెన్‌డ్రైవులో సిద్ధపఱచితిమి. దానిని తగిలించి, బూట్ మెనూలో దాని నెన్నుకొనగా, డిస్కులోని విండోసును ముట్టకయే కంప్యూటరు లేచెను. డిస్కునకు తాళము లేదు. నమూనాల సంచి తెరపై కానవచ్చెను. వేఱొక డిస్కులోనికి దానిని నకలు చేయుటకు పట్టిన కొలది నిమిషములు ఆ యిల్లాలు గోడకు చేరగిలి నిలిచియే యుండెను. నకలును తెఱచి ఒక నమూనాను చూపితిమి. ఆమె దానిని చూచి, అది తమ పెండ్లియేట నేసినదని చెప్పెను.

ఆ పిమ్మటనే మరమ్మతు. స్టార్టప్ రిపేర్ ఫలింపలేదు. సగములో నిలిచిన అప్‌డేటును తొలగింపగా రెండవ ప్రయత్నమున విండోసు సరిగా తెఱచుకొనెను. నాలుగు దినముల తర్వాత, కరెంటు నిలకడగా నున్న రాత్రి, ఆ అప్‌డేటును మఱల నెక్కించిరి. ఏ యిబ్బందియు కలుగలేదు.

నేను చెప్పినదానిలో అన్నియు జ్ఞాపక ముండనక్కఱలేదు. ఏ మెట్టుపై ఆగినదో చూడుడు. ఏమి మాఱినదో అడుగుడు. ఒకమారు ఒక్క మార్పే చేసి ఫలితము చూడుడు. సొత్తును దక్కించుకొనక ముందు తుడిచివేయుటకు ఎవరు చెప్పినను సమ్మతింపకుడు. అన్నిటికంటె మేలైన చికిత్స యంత్రము ఆరోగ్యముగ నున్నప్పుడే జరుగును: ముఖ్యమైనవానికి రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంటను, ఒకటి వేఱొక యింటను ఉంచుకొనుడు. వరద వచ్చినను, పిడుగు పడినను రెండును ఒక్కమారు పోవు.

ఆ నమూనాల నకలొకటి ఇప్పుడు హనుమకొండలోని వారి మేనమామగారి యింట బీరువాలో కలదు. ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట మీ యింటి కంప్యూటరును ఒకమారు తెఱచి, అందేమి కలదో, దానికి నకలెచ్చట నున్నదో చూచుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.