మల్బరీ పక్కన టమాట: కాయ నాణ్యతకు ఎరువులు, సూక్ష్మ పోషకాలు



కోలారు, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు ప్రాంతాలలో మల్బరీ తోట ఉన్న చాలామంది రైతులు పక్క మడిలో టమాట కూడా పెడతారు. గూళ్ళ ధర పడినప్పుడు టమాట, టమాట ధర పడినప్పుడు గూళ్ళు ఆదుకుంటాయని వారి ధైర్యం. అయితే మార్కెట్టులో 15 కిలోల బాక్సుకు ధర పలికేది కాయ రంగు, గట్టిదనం చూసి. మచ్చ కాయ, పగులు కాయ ఏరివేతలో పోతే, పెట్టిన ఎరువు ఖర్చు కూడా దానితోనే పోతుంది.

మొదట నత్రజని సంగతి. మల్బరీలో మనకు కావలసింది ఆకు, టమాటలో కావలసింది కాయ. నీటి వసతి గల వి-1 మల్బరీకి హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ సిఫారసు. అంటే పొటాష్‌కు రెండున్నర రెట్లు నత్రజని. ఈ లెక్క టమాటకు పనికిరాదు. టమాటకు యూరియా ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గాని కాయ మెత్తబడుతుంది, పండడం ఆలస్యమవుతుంది, దూర ప్రయాణానికి ఆగదు.

కాయకు సమానమైన ఎరుపు, గట్టిదనం, రుచి తెచ్చేది పొటాష్. ఇది తక్కువైతే కాయ పండినా తొడిమ చుట్టూ పసుపుపచ్చగా మిగిలిపోతుంది. పొటాష్‌ను ఒకేసారి వేయక, పూత, కాయ దశలలో విడతలుగా వేయండి.

కాయ అడుగున నల్లని మచ్చ పడితే చాలామంది తెగులు మందు కొడతారు. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. కాల్షియం నీటితోపాటే మొక్కలోకి పోతుంది. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా నీరు పెడితే, భూమిలో కాల్షియం ఉన్నా కాయకు చేరదు. కనుక మొదటి మందు క్రమం తప్పని తడి. దానితోపాటు లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడు కలిపి, కాయ ఎదిగే దశలో చల్లపూట పిచికారీ చేయండి.

బోరాన్ తక్కువైతే పూత రాలుతుంది, కాయలు పగులుతాయి. ఎకరాకు 4 కిలోల బోరాక్సు ఆఖరి దుక్కిలో చాలు. ఎక్కువైతే విషమే. జింకు లోపమున్న చోట ఎకరాకు 10 కిలోల జింకు సల్ఫేటు వేయండి, భాస్వరం ఎరువుతో కలపకండి. లోపం ఉన్నదీ లేనిదీ మట్టి పరీక్ష చెబుతుంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పరీక్షలో జింకు, బోరాన్ కూడా ఉన్నాయి.

ఇక మన ఇంటి ఎరువు. పురుగుల పడకలో మిగిలిన ఆకు, పెంట టమాటకు మంచి బలం. కాని పచ్చిగా వేయకండి. రోగాల క్రిములు, ఊజి ఈగ పొలమంతా వ్యాపిస్తాయి. గుంటలో వేసి మట్టి కప్పి, బాగా చివికిన తరువాతే వాడండి. అది వేసిన మడికి యూరియా తగ్గించండి.

చివరిగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. టమాటకు కొట్టిన పురుగుమందు గాలికి మల్బరీ మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులు చచ్చిపోతాయి. నాలుగో జ్వరం దాటిన పంట పోతే ఎంత నష్టమో మీకు చెప్పనక్కరలేదు. గాలి తోట వైపు వీచేటప్పుడు మందు కొట్టకండి. మల్బరీకి వేరే స్ప్రేయరు ఉంచుకోండి. పక్క పొలం వారికి కూడా ఈ మాట చెప్పండి. అనుమానం ఉన్న ఆకు ముందుగా పది పురుగులకు వేసి చూడండి.

సందేహాలుంటే దగ్గరలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రానికి రండి. వచ్చేటప్పుడు మట్టి పరీక్ష కార్డు, ఒక మచ్చ కాయ వెంట తీసుకురండి.