వేపచెట్టునకు గంప

2020 మార్చిలో కరోనావలన బడులు మూతపడెను. ఆ చలికాలమున హైదరాబాదునుండి దేవరకొండ చెంతనున్న మా యూరు చేరిన నా మనుమలిద్దఱకు ప్రొద్దు గడవదాయెను. నా కుమారుడు వేపచెట్టునకు పదియడుగుల యెత్తున అడుగులేని వెదురుగంపను కట్టి బాస్కెట్‌బాల్ నేర్పెను. 1891లో అమెరికాలో నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికి వెలుపల ఆడలేని యువకులకై పండ్లగంపలతోనే యీ యాటను కల్పించెనట. వారు చలికి లోపలికి పోయిరి. మేము వ్యాధికి బయటికి వచ్చితిమి.

పొరుగు బాలురను పిలువరాదంటిని. నాకు డెబ్బదియేండ్లు, నా భార్యకు ఉబ్బసము. చిన్నవాడు మూడుదినములు నాతో మాటాడలేదు. వాని కోపము న్యాయమే. పిదప అరుగుపై కూర్చుండి లెక్క వ్రాయుట నా పనియయ్యెను.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిదవ తరగతి మొదలు బడులు తెఱచిరి. పెద్దవాడు వెడలెను. ఆ సాయంకాలము చిన్నవాడు బంతిని నా చేతికిచ్చెను. ఒక్కటియు గంపలో పడలేదు.